నాలుగో కిటికీ ఆట

నా సర్వీసులో నేను రాసిన ప్రోగ్రాముల్లో చాలావరకు హాల్ టికెట్లకూ, మార్కుల మెమోలకూ పనికొచ్చినవే. వాటి గురించి ఈ రోజుదాకా నన్ను ఒక్కరూ అడగలేదు. అడిగిందల్లా భోజనం వేళల్లో, టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని సరదాకు చేసిన ఒక కంప్యూటర్ ఆట గురించే. అది మా ఉద్యోగంలో భాగం కాదు. అయినా నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన పెద్ద తప్పు అందులోనే ఉంది. ఇప్పుడు ఆటలు తయారుచేసే పిల్లలు మీలో ఎవరైనా ఉంటే పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

తార్నాక చుట్టుపక్కల క్యాంపస్‌లకు కొదవ లేదు. అందులో ఒకదాని కంప్యూటర్ సెంటర్‌లో నేను ప్రోగ్రామర్‌ని. ఇది ఇరవై ఏళ్ళు దాటిన మాట. జాగ్రఫీ డిపార్ట్‌మెంట్‌లో మ్యాపులు గీసే ఒకాయన మా సెంటర్‌కు వస్తూండేవారు. సన్న నిబ్బుతో నదులూ వాగులూ గీసిన చెయ్యి ఆయనది. అప్పటికే మ్యాపులు కంప్యూటర్‌లో రావడం మొదలై ఆయనకు పని తగ్గింది. ఖాళీగా కూర్చోలేక, ఈ డబ్బాలో బొమ్మలు ఎట్లా వస్తాయో నేర్పమని నన్ను అడిగారు. గ్రాఫ్ కాగితం మీద గడి గడికీ రంగు పెన్సిల్‌తో నింపి బొమ్మ వేసిచ్చేవారు. నేను ఆ గడులు లెక్కపెట్టుకుంటూ కంప్యూటర్‌లోకి ఎక్కించేదాన్ని.

ఆట చేద్దామన్న ఆలోచన నాకు కోపంలో పుట్టింది. మా తమ్ముడి ప్రొవిజనల్ సర్టిఫికెట్ కోసం, అదే క్యాంపస్‌లో ఉద్యోగం చేస్తూ కూడా, సర్టిఫికెట్ల సెక్షన్‌కు ఐదుసార్లు తిరిగాను. నాలుగో నంబరు కిటికీ వెనక ఒక క్లర్కు ఉండేవారు. కళ్ళద్దాలకు తాడు కట్టి మెడలో వేసుకునేవారు. ఫారం తీసుకుని, స్టాంపును ఇంకు ప్యాడ్ మీద రెండుసార్లు టక్‌టక్‌మని కొట్టి, వెయ్యకుండానే పక్కన పెట్టి, రేపు రండి అనేవారు. ఐదు రేపులు గడిచేసరికి మా తమ్ముడి ఇంటర్వ్యూ అయిపోయింది.

ఆటకు 'రేపు రండి' అనే పేరు పెట్టాం. డిగ్రీ అయిపోయిన ఒక కుర్రాడు. నాలుగు రోజుల్లో ఇంటర్వ్యూ. ఈలోపల బ్యాంకులో చలాన్ తీయాలి, జిరాక్స్ కాపీల మీద గెజిటెడ్ ఆఫీసర్ అటెస్టేషన్ సంతకం పెట్టించాలి, ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి ఉరకాలి. మధ్యలో కరెంటు పోతుంది. స్కూటరు పక్కకు వంచితే గాని స్టార్ట్ కాదు. ఒక ప్రొఫెసర్ నడుముకు పేజర్ పెట్టుకుని, అది మోగినప్పుడల్లా క్లాసు వదిలేసి ఎస్టీడీ బూత్‌కు పరిగెత్తుతాడు. ఇవన్నీ దాటి నాలుగో కిటికీకి చేరితే, అచ్చం ఆ క్లర్కు ముఖం, తాడు కట్టిన కళ్ళద్దాలు, టక్‌టక్, రేపు రండి. గెలవడానికి ఒకే దారి పెట్టాం: ఎవరో పెద్దమనిషి రాసిచ్చిన చీటీ సంపాదించడం. ఆ చీటీ ఉంటే చలాన్ కూడా అక్కర్లేదు.

సీడీ ఒకటి మా ల్యాబ్ పిల్లలకు ఇచ్చాను. నెల తిరిగేసరికి అడిక్‌మెట్ రూముల్లో, తార్నాక నెట్ సెంటర్లలో అందరూ అదే ఆడుతున్నారు. కారిడార్లో నన్ను చూసి పిల్లలు దండాలు పెట్టేవారు. ఏళ్ళ తరబడి హాల్ టికెట్లు ప్రింటు చేసినా రాని మర్యాద.

కొన్నాళ్ళకు ఇంకో సంగతి తెలిసింది. పిల్లలు ఆ కిటికీ దగ్గరికి వెళ్ళి, ఆయన నోరు తెరవకముందే వాళ్ళే 'రేపు రండి' అని నవ్వుతున్నారట. కౌంటర్ చెక్క మీద వేళ్ళతో టక్‌టక్‌మని కొడుతున్నారట. ఎవరో చెప్తే నేనూ నవ్వాను. మ్యాపుల ఆయన మాత్రం అన్నం సగంలో ఆపేసి, ముఖం గీయకుండా ఉండాల్సింది అన్నారు. ఉన్నదే కదా చూపించాం అని నేను సర్దిచెప్పాను. ఆ ఏడాదే ఆ క్లర్కు తనే అడిగి రికార్డు రూముకు బదిలీ చేయించుకున్నారు. అది మనుషులు ఎక్కువగా రాని గది. నేను ఒక్కసారైనా అటు వెళ్ళలేదు.

తర్వాత ఆట మెల్లగా చచ్చిపోయింది. అన్నిటికంటే ముందు పోయింది పేజర్ జోకు. చేతుల్లోకి సెల్‌ఫోన్లు రాగానే, ఆ ప్రొఫెసర్ ఎందుకు పరిగెత్తుతున్నాడో కొత్తగా చేరిన పిల్లలకు అర్థం కాలేదు. ఎస్టీడీ బూత్ దాని వెంటే పోయింది. వంచితే స్టార్ట్ అయ్యే స్కూటరు ఇంకొంత కాలం బతికింది, ఎందుకంటే కొందరి ఇళ్ళల్లో నాన్నల దగ్గర అది ఉండేది. చివరికి కంప్యూటర్లు మారిపోయి సీడీ పెడితే ఆట తెరుచుకోవడమే మానేసింది. మ్యాపుల ఆయన రిటైరై కొన్నేళ్ళకు కాలం చేశారు. నేనూ రిటైరయ్యాను.

రెండేళ్ళ కిందట ఒక రీసెర్చ్ స్కాలర్ నా ఇంటికి వచ్చింది. జనగామ దగ్గర పల్లె, వ్యవసాయం ఇల్లు, తను అడిక్‌మెట్‌లో రూము తీసుకుని చదువుతోంది. మన దగ్గర తయారైన వెక్కిరింపు ఆటల మీద థీసిస్ రాస్తోందట. వాటిలో చాలా వాటికి ఇప్పుడు ఆనవాలు లేదనీ, 'రేపు రండి' దొరికితే ఒక అధ్యాయం నిలబడుతుందనీ చెప్పింది. అటక మీది పెట్టె దించి సీడీ ఇచ్చాను. నెల రోజులు తంటాలు పడి దాన్ని తన లాప్‌టాప్‌లో నడిపించింది. ఆ టక్‌టక్ మళ్ళీ విన్నప్పుడు నాకు నిజంగా సంతోషమేసింది.

ఒక మధ్యాహ్నం ఎం.ఏ. పిల్లలను కూర్చోబెట్టి ఆడించాం. నేను వెనక నిలబడి, నవ్వులు ఎక్కడెక్కడ రావాలో మనసులో లెక్క పెట్టుకుంటున్నాను. ఒక్కచోట కూడా రాలేదు. అటెస్టేషన్ అంటే ఏంటని ఒకబ్బాయి అడిగాడు. ఫోన్లో డౌన్‌లోడ్ చేసుకోవచ్చు కదా అని ఇంకొకడు. గెలిచే చీటీని వాళ్ళు ఏదో దాచిపెట్టిన బహుమతి అనుకున్నారు. ముందు వరుసలో ఒకమ్మాయి నాలుగో కిటికీ దగ్గరే ఆగిపోయి, మీట నొక్కుతూ 'రేపు రండి' మళ్ళీ మళ్ళీ అనిపిస్తోంది. విసుగొస్తోందా అని అడిగాను.

"లేదు మేడం, గీ ఆటల బాగానే ఉన్నది. అడగనీకి ఒక మనిషన్నా ఉన్నడు," అంది.

ఆమె స్కాలర్‌షిప్ దరఖాస్తు ఏడు నెలలుగా పోర్టల్లో 'పరిశీలనలో ఉంది' అని కనిపిస్తోందట. ఎవరిని అడగాలో తెలియదు. అడగడానికి కిటికీ లేదు. మేము నరకమని చూపించింది ఆ పిల్లకు సుఖంగా కనిపించింది. వెక్కిరింపు తిరగబడటం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. దాన్ని ఒప్పుకోవడానికి మాత్రం నా అహం ఒప్పుకోలేదు.

కాలానికి తగ్గట్టు మారుస్తానని స్కాలర్‌తో అన్నాను. తనకు ఇష్టం లేదు. ఉన్నది ఉన్నట్టు ఉంటేనే చరిత్ర అంది. నేను వినలేదు. నాలుగు నెలలు కూర్చుని కొత్త రూపం రాశాను. చలాన్ తీసేసి ఓటీపీ పెట్టాను. అది గడువు అయిపోయాకే వస్తుంది. ఫోటో సైజు ఎంత పెట్టినా ఎక్కువో తక్కువో అవుతుంది. కిటికీ స్థానంలో ప్రశ్నలకు జవాబులిచ్చే చాట్‌బాట్ పెట్టాను. కొత్త బొమ్మ గీసే మనిషి లేడు కాబట్టి, పాత క్లర్కు ముఖమే దానికి తగిలించాను.

పూర్తిచేసి తీసుకెళ్ళిన రోజు స్కాలర్ కాస్త మొహమాటపడుతూ చెప్పింది, క్యాంపస్ పోర్టల్ కిందటి వారమే తీసేశారని. ఇప్పుడు యాప్ వచ్చిందట, ముఖం చూపిస్తే తెరుచుకుంటుందట, ఓటీపీ లేదట. పేజర్ జోకు రెండేళ్ళన్నా బతికింది. ఇది బయటికి రాకముందే ముసలిదైంది. నేను నవ్వేశాను, ఇంకేం చెయ్యను. అప్పుడే ఆ అమ్మాయి స్క్రీన్ మీద ముఖాన్ని చూపించి, ఇది పాతదాంట్లో కూడా ఉంది కదా, ఎవరి ముఖం మేడం అని అడిగింది.

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్ను అడిగినవాళ్ళు లేరు, ఎందుకంటే అప్పట్లో అందరికీ తెలుసు. నిజం మనిషిదే అని చెప్పాను. ఆయనకు తెలుసా అంది. తెలిసే ఉంటుందన్నాను. మీరెప్పుడైనా మాట్లాడారా అంది. లేదన్నాను. అయితే ఆయనను అడగకుండా ఈ ఆటను ఎక్కడా పెట్టలేనని, అధ్యాయం పోయినా సరేనని చెప్పింది. ఆ మాట అనడానికి తనకు ఎంత ఖర్చయిందో నాకు తెలుసు. థీసిస్ ఇవ్వాల్సిన గడువు దగ్గర పడింది.

పాత సెక్షన్ వాళ్ళను కనుక్కుంటే ఆయన మెట్టుగూడలో ఉన్నారని తెలిసింది. భార్య రైల్వేలో పనిచేసి రిటైరయింది. క్వార్టర్లకు దగ్గరలోనే చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఒక ఆదివారం, వాళ్ళు చర్చి నుంచి వచ్చాక, ఇద్దరం వెళ్ళాం. జుట్టు పూర్తిగా నెరిసింది. కళ్ళద్దాలకు తాడు లేదు. నన్ను చూడగానే గుర్తుపట్టి, రండి మేడం అని కుర్చీ జరిపారు. నేను ఎట్లా మొదలుపెట్టాలా అని చూస్తుండగా ఆయనే అందుకున్నారు.

"గా ఆట నువ్వు చేసినవని నాకు అప్పుడే ఎరుకమ్మా. మ్యాపులాయన గీత నాకు తెల్వదా? మా సెక్షన్ల గోడకు ఆయన మ్యాపే ఉండె."

మేడం అన్న పిలుపు పోయి 'అమ్మా', 'నువ్వు' వచ్చాయి. అది చనువో కోపమో తేల్చుకోలేకపోయాను. అప్పటి సంగతులు ఆయన నెమ్మదిగా చెప్పారు. పిల్లలు కిటికీ దగ్గర నవ్వడం ఆయనకు పెద్ద బాధ కాలేదట. ఆయన కూతురు అప్పుడు ఆరో తరగతి. తార్నాకలో ఒక నెట్ సెంటర్‌కు స్నేహితురాళ్ళతో వెళ్తే, అక్కడ ఎవరో ఆ ఆట ఆడుతున్నారు. స్క్రీన్ మీద నాన్న. చుట్టూ నవ్వులు. అప్పటిదాకా సెలవు రోజుల్లో ఆయనకు అన్నం డబ్బా తెచ్చి, కిటికీ వెనక స్టూలు మీద కూర్చుని స్టాంపులతో ఆడుకునేదట. ఆ తర్వాత మళ్ళీ క్యాంపస్‌లో అడుగు పెట్టలేదు. ఎందుకని ఆమెను ఈయన అడగలేదు, ఆమె చెప్పలేదు. రికార్డు రూముకు బదిలీ అడిగింది అప్పుడే.

ఆయన భార్య మాకు నీళ్ళిచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. కూర్చోలేదు.

ఆ ఆటను తను ఎన్నడూ చూడలేదనీ, ఉంటే చూపించమనీ ఆయన అడిగారు. స్కాలర్ లాప్‌టాప్ తెరిచింది. ఆయన ఒక్కో మీట వెతుక్కుంటూ ఆడారు. బ్యాంకు దగ్గర ఒకసారి, జిరాక్స్ దగ్గర ఒకసారి ఓడిపోయారు. మళ్ళీ మొదలుపెట్టి నాలుగో కిటికీకి చేరారు. తన ముఖాన్ని చాలాసేపు చూశారు. తాడు సరిగ్గానే గీసిండు అన్నారు. తర్వాత కుర్రాడిని పక్కకు నడిపించి, కిటికీ పక్కనే 'అధికారి గది' అని రాసి ఉన్న తలుపు దగ్గర నిలబెట్టి, తీసేదెట్లా అని అడిగారు. ఏ మీట నొక్కినా అది తెరుచుకోదు. అది ఉత్త బొమ్మేననీ, దాని వెనక గదిని మేము రాయలేదనీ చెప్పాను.

"మీ ఆటల సార్ ఏడున్నడమ్మా? నేనొక్కన్నే ఉన్న," అన్నారు. "సంతకం సార్‌ది. సార్ లేడని చెప్పనీకి లేదు నాకు. ఇగ నేనేం చెప్పాలె? రేపు రమ్మన్న."

కోపంగా అనలేదు. ఫారంలో ఒక గడి నింపలేదని చూపించినట్టు అన్నారు. అన్నేళ్ళుగా నేను ఆఫీసుల తీరు మీద ఆట చేశాననుకున్నాను. చేసింది కిటికీ దగ్గర కనబడ్డ మనిషి మీద. తలుపు తెరవాలన్న ఆలోచన కూడా మాకు రాలేదు. అధికారి గదిలోకి ఒక మ్యాపులాయన, ఒక ప్రోగ్రామర్ మామూలుగా వెళ్ళరు కదా, ఆటలో కూడా వెళ్ళలేదు.

ఆటలోంచి ఆయన ముఖం తీసేస్తానని చెప్పాను. స్కాలర్ లాప్‌టాప్ మూసింది. ఆయన ఆ అమ్మాయి ఏం చదువుతోందో, ఎక్కడి నుంచి వచ్చిందో అడిగి తెలుసుకున్నారు. చివరికి, ఉన్నదున్నట్టే ఉండనియ్యి, చూపించే రోజు నేను కూడ వస్త అన్నారు. ఆయన భార్య అప్పుడు మొదటిసారి నోరు విప్పింది, మళ్ళ నవ్విచ్చుకోనీకా అని. గిప్పటి పిల్లలకు చలాన్ అంటే తెల్వదు, ఎవరో ఒకరు చెప్పాలె గద అన్నారాయన.

నా కొత్త రూపాన్ని ఆ రోజే చెరిపేశాను. పాత ఆటను డిపార్ట్‌మెంట్ హాల్లో మూడు కంప్యూటర్ల మీద పెట్టాం. ఆయన ఇస్త్రీ చేసిన పూర్తి చేతుల చొక్కా వేసుకుని, చెప్పిన టైముకు పది నిమిషాల ముందే వచ్చారు. మధ్య కంప్యూటర్ పక్కన కుర్చీ వేశాం. పిల్లలు స్క్రీన్ వైపూ ఆయన వైపూ మార్చి మార్చి చూశారు. కాసేపటికి ప్రశ్నలు మొదలయ్యాయి. మనమెవరో తెలియని ఆఫీసర్ మన జిరాక్స్ మీద సంతకం పెట్టి, ఇది నిజమేనని ఎట్లా అంటాడని ఒకబ్బాయి అడిగాడు. ఆయనకు తెల్వదు, అందుకే ముందు నీ ముఖం చూస్తడు, తర్వాత నీ వెంట ఎవరొచ్చిన్రో చూస్తడు అని చెప్పారు. హాలంతా నవ్వింది. మా జోకులకు నవ్వని పిల్లలు ఆయన చెప్పిన మామూలు నిజాలకు నవ్వుతున్నారు. నేను గోడకు ఆనుకుని నిలబడి విన్నాను. అందులో సగం నాకూ కొత్తే.

రేపు రండి అని ఎందుకనేవారని అడిగింది ఆ స్కాలర్‌షిప్ అమ్మాయే. సార్ సంతకం కావాలె, సార్ అందుబాటుల లేకుండె అని మాత్రం చెప్పారు. ఆ తర్వాత ఆమె సంగతి కనుక్కుని, నడువు బిడ్డా అని లేచి, పరిపాలన భవనానికి తీసుకెళ్ళారు. అక్కడ ఈయనను ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా ఏ సెక్షన్లో అడగాలో, ఎట్లా అడగాలో ఆయనకు తెలుసు. గంట తర్వాత తిరిగి వచ్చారు. మార్కుల మెమోలో ఇంటిపేరు ముందుందట, ఆధార్‌లో వెనక ఉందట. దరఖాస్తు ఏడాదిగా ఆగింది దానికే. సరిచేయమన్న దరఖాస్తు అక్కడివాళ్ళు తీసుకున్నారు. మరుసటి నెలలో ఆ అమ్మాయికి మంజూరైందని స్కాలర్ చెప్పింది.

ఆట చూపించిన రోజు సాయంత్రం ఆయనా నేనూ క్యాంపస్ గేటు నుంచి తార్నాక బస్టాపుదాకా నడిచాం. దారిలో నా మనసులో ఉన్నది చెప్పాను. ఆ తలుపు వెనక గది రాస్తాను, అధికారిని అందులో కూర్చోబెడతాను, తప్పు ఎవరిదో ఇప్పటికైనా కనబడాలి అన్నాను. ఆయన వెంటనే వద్దన్నారు. ఎందుకని అడిగితే చెప్పారు.

"సార్‌కు చెయ్యి వణికే రోగం వచ్చిందమ్మా. పెన్ను నిలవకపోతుండె. మందు పనిచేసిన రోజు పొద్దుగాల ఒక గంట సంతకం కుదురుతుండె. మిగిలిన రోజుల పెడితే పాత సంతకంతోని కలవదు. సంతకం కలవకుంటే ఆ పిల్లగాడు ఏడికి పోయినా దొంగ సర్టిఫికెట్ అంటరు. రిటైర్మెంట్‌కు రెండేండ్లుండె. పైకి తెలిస్తే కుర్చీలకెల్లి లేపుతరని నన్ను బతిమాలిండు."

మా తమ్ముడి ఇంటర్వ్యూ సంగతి ఎత్తాను. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తాను.

"గదీ పోయింది. నేను కాదంటలేను," అన్నారు. "సార్‌ను చూస్తే పిల్లగాండ్లు ఆగమైతరు. పిల్లగాండ్లను చూస్తే సార్ ఆగమైతడు. నాకు రోజూ కనబడేది సార్."

ఆ అధికారి పోయి చాలా ఏళ్ళయిందట. పిల్లలున్నారు, మనవలున్నారు; హాల్లో అందుకే చెప్పలేదు. ఇది రాసుకోవచ్చా అని తర్వాతెప్పుడో ఫోన్లో అడిగాను. గుర్తుపట్టకుండ రాసుకో అన్నారు. ఇందులో ఎవరికీ పేర్లు లేకపోవడం అందుకే. కిటికీ నంబరు కూడా మార్చాను. ఆయన చేసింది ఒప్పా తప్పా అని మీరు నన్ను అడిగితే నేను చెప్పలేను. మా తమ్ముడిని అడిగితే ఒకటి చెప్తాడు, ఆ అధికారి పిల్లలను అడిగితే ఇంకొకటి చెప్తారు. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆట రాసేముందు ఒక్క రోజు ఆ కిటికీకి అవతల వైపు స్టూలు మీద కూర్చుని ఉంటే, నేను ఇంకో ఆట రాసి ఉండేదాన్ని. అదీ ఈపాటికి పాతబడేదేమో. కానీ ఎవరినీ రికార్డు రూముకు పంపేది కాదు.

బస్టాపులో రద్దీ. కాలేజీ పిల్లలు, సికింద్రాబాద్ వెళ్ళేవాళ్ళు. ఆయన బస్సు ఇంకా రాలేదు. నేను ఆయన ఎదురుగా నిలబడి, చేతులు జోడించి, తప్పయింది సార్, అప్పుడే వచ్చి చెప్పాల్సింది, క్షమించండి అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు చూశారు. ఆయన నా చేతులు కిందికి దించమన్నట్టు సైగ చేశారు.

"అప్పుడు చెప్పుంటే మా బిడ్డకు చెప్పుకునేటోన్నమ్మా," అన్నారు. "ఆట చేసిన మేడమే తప్పయిందన్నది అని. గప్పుడు దానికి పదకొండేండ్లు."

మెట్టుగూడ వైపు బస్సు వచ్చింది. ఆయన కడ్డీ పట్టుకుని జాగ్రత్తగా ఎక్కారు. సీటు దొరికిందో లేదో కింద నుంచి నాకు కనబడలేదు.